మేస్త్రక్క చూసిన గోడ

మా వదిన కట్టిన గోడ పక్కన నిలబడితే ఎవరైనా తెలియకుండానే నడుం నిటారు చేసుకుంటారు. పెళ్ళయిన కొత్తలో నేనూ చేసుకున్నాను. మా ఆయన చూసి నవ్వాడు. "మా అక్క గోడ దగ్గర అందరికీ ఇదే. ఎక్కడ మన వంకర బయటపడుతుందోనని" అన్నాడు.

ఆమె తాపీ మేస్త్రి. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. పనివాళ్ళంతా మేస్త్రక్క అంటారు. ఇటుకను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో ఒక్కటి కొడుతుంది. ఖంగుమంటే గోడలోకి, బొద్దుమంటే పక్కకి. ఒక వరస పూర్తి కాగానే ఒక కన్ను మూసి, చెంప గోడకి ఆనించి, ఆ చివరిదాకా చూస్తుంది. పది లెక్కపెట్టేంత సేపు, అంతే. దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసేది ఆ తర్వాత, అదీ పక్కవాళ్ళ తృప్తి కోసం. ఆ గుండు ఆమెను కాదన్న రోజు నేను చూడలేదు.

"గుండు అబద్ధం చెప్పదంటారు గానీ, నువ్వు దానికి పని లేకుండా చేశావు వదినా" అన్నానొకసారి.

"దానిదేముందే! బరువుగా ఉండి నోరు మూసుకుంటే ఎవరైనా నిజమే చెబుతున్నట్టుంటారు" అంది.

అలాంటి మనిషికి ఒంటిమీద మాత్రం ఏదీ నిలిచేది కాదు. మెడ వెనకా, చంకల్లో, రొమ్ముల కిందా చర్మం ఎర్రబడేది. చిన్నచిన్న నీటిపొక్కులు లేచేవి, పగిలేవి, చెమ్మగా పుండయ్యేవి. ఎండలు ముదిరితే చొక్కా తగిలినా ప్రాణం పోయేది. చల్లబడ్డాక మానేది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ ఎండాకాలం. వాళ్ళ నాన్నకూ అలాగే ఉండేదట. ఆయన దాన్ని "సున్నం కాటు" అనేవాడట. మేస్త్రి అన్నాక సున్నం కరవకుండా ఉంటుందా, అని దాన్ని కూడా పనిముట్లతో పాటు కూతురికి అప్పగించినట్టు మాట్లాడేవాడట.

దానికి వైద్యం కూడా మేస్త్రి వైద్యమే. కొత్తగోడకి ఏం చేస్తారు? వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు కొడతారు, తడిపిన గోనెపట్టాలు కప్పుతారు. తడి ఆరకపోతేనే గోడ గట్టిపడుతుంది. మా వదినా అదే చేసేది. తువ్వాలు తడిపి మెడకి చుట్టుకుని, చంకల్లో తడిగుడ్డలు పెట్టుకుని పనికి పోయేది. తండ్రి చేశాడు, తను చేసింది. "ఎంత తడిపినా ఈ గోడ గట్టిపడదేమే" అని తనమీద తనే జోకు వేసుకునేది.

ఇంతవరకైతే ఒక మనిషి బాధ. దాని వెనకాల ఇంకొకటుంది. కూతురికి అయిదేళ్ళప్పుడు ఈమెకి ఈ జబ్బు మొదలైంది. ఆ పిల్లని అందరం పిచుక అంటాం, ఒకచోట నిలవదు కనుక. అప్పట్లో ఎవరో డాక్టరు చూసి, "బూజు. అంటుకుంటుంది, జాగ్రత్త" అన్నాడట. ఆ మరుసటి ఏడే మా అన్నయ్య, అంటే వదిన భర్త, పోయాడు. మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. ఇక ఆమె జాగ్రత్త చూడాలి! తన పళ్ళెం వేరు, గ్లాసు వేరు, సబ్బు వేరు, బట్టలారేసే తాడు వేరు. పిల్ల తల దువ్వాలంటే చేతికి గుడ్డ చుట్టుకునేది. పక్కన పడుకోనిచ్చేది కాదు. పిచుక ఏడ్చి, అలిగి, చివరికి అలవాటు పడింది. గోడ ఎంత నిక్కచ్చిగా కడుతుందో ఆ దూరాన్నీ అంతే నిక్కచ్చిగా కట్టింది మా వదిన. ఇరవై రెండేళ్ళు, ఒక్క ఇటుక కదలకుండా.

ఇందులో నా పాలు కూడా ఉంది, దాచను. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు కోసి పంపిన ముక్కల్ని మైనంలో పోసి, వెంట్రుక కన్నా సన్నగా తరిగి, గాజుపలక మీద పరిచి రంగు వేయడం నా పని. తొమ్మిదేళ్ళ కింద వదిన పుండు మీది పొట్టు గీకి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. బూజు దారాలు కనబడ్డాయి. "బూజే వదినా" అని చీటీ రాసిచ్చాను. ఉన్నదే రాశాను. కానీ ఆ చీటీతో ఆమె జాగ్రత్తకి ముద్ర పడిపోయింది. చదువుకున్న మరదలు చెప్పాక ఇంకేముంది?

ఈ ఎండాకాలం మొదట్లో పిచుక మా ఇంటికొచ్చింది. అది సరుకులు చేరవేసే వ్యాను నడుపుతుంది. వస్తూనే కాలరు పక్కకి లాగి, "అత్తా, ఇది చూడు. సీటు బెల్టు ఒరుసుకుంది. రెండు వారాలైంది, మానట్లేదు" అంది.

మెడ మీద బెల్టు పోయే దారి పొడుగునా ఎర్రటి పట్టీ. మధ్యలో సన్నటి పగుళ్ళు. ఆ పగుళ్ళు నాకు తెలుసు.

"అమ్మకి చూపించావా?"

"చూపిస్తానా? ఇంకా ఏమైనా ఉందా? నా గాలి కూడా వేరే తాడుమీద ఆరేస్తుంది."

ఆ మాట దాని నోట్లో ఉండగానే వెనక గుమ్మంలో వదిన. మా ఇంటి పెరటిగోడకి పైవరస వేయడానికి వచ్చిందామె. చేతిలో తాపీ ఉంది, తాపీ మీద సిమెంటు మాలు ఉంది. ఆ మాలు కింద పడడం చూశాను. నా జన్మలో మొదటిసారి.

కూతురి మెడని దూరంనుంచే చూసింది. గోడ పగులుని చూసినట్టు, ఎక్కడ మొదలైందీ ఎక్కడికి పోతుందీ అని. తర్వాత నాతో మెల్లగా అంది, "దానికి ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చింది. ఒక మధ్యాహ్నం నన్ను కరుచుకుని వదల్లేదు. నేనూ వదిలించుకోలేదు. రెండు గంటలు పడుకున్నాం. ఆ రెండు గంటలే ఇప్పుడు బయటపడ్డాయి."

"వదినా, ఇరవయ్యేళ్ళ తర్వాతా?"

"పునాదిలో చెమ్మ ఎప్పుడో చేరుతుంది. గోడ మీద తర్వాత కనబడుతుంది. నాకు చెప్పకు."

మర్నాటికి మూట కట్టేసింది. ఊరవతల కొత్త కట్టడం దగ్గర సామాన్లు పెట్టుకునే రేకుల గది ఉంది, అందులో ఉంటానంది. పిచుక అడ్డం నిలబడింది. "ఎవరొద్దన్నారమ్మా నిన్ను? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? గోకుతున్నది నేను, నాకు లేని బాధ నీకెందుకు?"

"నీకు లేదు కనకే నాకు కావాలి. తప్పుకో. తగలకు."

ఆ "తగలకు" అన్నమాట విన్నాక నాకు ల్యాబు చీటీ గుర్తొచ్చి ఒళ్ళు మండింది, నామీద నాకే. మూట పట్టుకున్నాను.

"వెళుదువు గాని. పోయేముందు నాకొకటి ఇచ్చిపో."

"ఏంటే?"

"పప్పుగింజంత చర్మం. పొట్టు గీకి చూడడం కాదు, ఈసారి నిలువునా ముక్క కోసి చూడాలి. అప్పుడు గోడ పగుల్లో మొలిచిన మొక్కని చూశాను గానీ గోడని చూడలేదు."

వదిన మూట వదిలింది. పని అడిగితే కాదనే మనిషి కాదు. "కోసేది ఎవరైనా కోయనీ. తరిగేది మాత్రం నువ్వే తరగాలి" అంది.

ఆ ముక్కని తరిగినంత జాగ్రత్తగా నేను దేన్నీ తరగలేదు. చర్మం ముక్కని మైనంలో పడుకోబెడితే పైకప్పు మాత్రమే కనబడుతుంది. అంచుమీద నిలబెట్టాలి, అప్పుడు పైనుంచి కిందిదాకా వరసలన్నీ కనబడతాయి. వేడి మైనంలో చిమటాతో దాన్ని నిలబెట్టి, చల్లారేదాకా ఊపిరి బిగబట్టాను. మా వదిన ఇటుక నిలబెట్టేటప్పుడు అలాగే చేస్తుందని అప్పుడు తోచింది.

మా పెద్ద డాక్టరమ్మ మాటల పిసినారి. స్లైడు బాగుంటే "ఊఁ" అంటుంది, బాగోకపోతే "ఊఁహూఁ" అంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ రెండిటితోనే నెట్టుకొచ్చింది. ఈ స్లైడు చూసి ఆ రెండూ అనలేదు. కళ్ళు తీయకుండా, "ఈ మనిషి ఏం పని చేస్తుంది?" అనడిగింది.

"తాపీ మేస్త్రి. మా వదిన."

డాక్టరమ్మ తలెత్తింది. "పిలు. ఆవిడే చూడాలి ఇది."

మా దగ్గర ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు ఉంది. వదిన స్టూలు మీద అంచున కూర్చుంది, తను తగిలినచోటు తుడవాల్సి వస్తుందేమో అన్నట్టు. మెడకి తడి తువ్వాలు అలాగే ఉంది. ఒక కన్ను మూసి గొట్టంలోకి చూసింది. రెండు కళ్ళతో చూడాలని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె చూపు ఆమెకి తెలుసు.

"ఎవరు కట్టారిది?" అంది.

"నువ్వే. అది నీ చర్మమే."

"పోవే! నేనిలా కడితే మా నాన్న తాపీ లాక్కునేవాడు."

డాక్టరమ్మ పెదవి కదిలింది. "ఏం కనబడుతోందో చెప్పమ్మా."

వదిన మెల్లగా మొదలెట్టింది. చెబుతూ చెబుతూ స్టూలు అంచునుంచి మధ్యకి జరిగింది.

"కింది వరస బాగుంది. పునాదిని పట్టుకునుంది, ఒక్కటీ కదల్లేదు. తేడా అంతా ఆ పైనుంచి. ఇటుకలు మంచివే, మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి, అంతే. ఇటుక తప్పు కాదు. మధ్యలో పట్టు లేదు. మాలు ఉందో లేదో గానీ పట్టలేదు." ఇంకా దగ్గరికి వంగింది. "కానీ పూర్తిగా వదలనూ లేదు. ఇదిగో, ఇక్కడ రెండు, ఆ పక్కన మూడు, ఇంకా చేతులు పట్టుకునే ఉన్నాయి. అందుకే గోడ కింద పడలేదు, కదిలిందంతే. ఊరికే నిలబడి ఉంటే ఉండిపోయేది. ఎవరో పక్కనుంచి ఒరుసుకుంటూ పోతున్నారు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"మా పుస్తకాల్లో కూలబోతున్న ఇటుకగోడలా ఉంటుందనే రాస్తారు. రాసినవాళ్ళెవరూ గోడ కట్టినవాళ్ళు కారు. నువ్వు చెప్పిందే నేను రాయబోయే రిపోర్టు" అంది. ఆ ల్యాబులో ఆవిడ నోటినుంచి అంత పొడుగు మెప్పు నేను వినలేదు. ఆ తర్వాత ఆవిడ ఏడాదికి సరిపడా మాటలు పది నిమిషాల్లో మాట్లాడింది.

"ఈ ఇటుకలు కణాలు. ఒకదాన్నొకటి పట్టుకోవడానికి వాటికి కొక్కేల్లాంటివి ఉంటాయి. కణం లోపల ఒక గదిలో అవి తయారవుతాయి. ఆ గదికి కాల్షియం చేరాలి. అంటే మీ భాషలో సున్నమే అనుకో. అది చేరితేనే కొక్కెం సరిగ్గా బిగుస్తుంది. మోసే కూలీలు ఇద్దరు. తల్లి ఇచ్చిన జన్యువు ఒకణ్ణి పంపిస్తుంది, తండ్రి ఇచ్చింది ఇంకొకణ్ణి. నీ విషయంలో ఒకడు పుట్టినప్పటినుంచీ పనికి రాలేదు."

వదిన తల పంకించింది. ఇది ఆమెకి రోజూ ఉండే గొడవే. "ఒక్కడే తట్ట మోస్తున్నాడన్నమాట. చల్లపూట ఎలాగో లాక్కొస్తాడు. ఎండలో, చెమటలో, రాపిడిలో అందుకోలేడు."

"అంతే."

"మరి సున్నం తింటేనో?"

"కింద కుప్ప నిండుగానే ఉందమ్మా. పోసినంత మాత్రాన పైకి ఎక్కదు, మోసేవాడే తక్కువ."

"అదీ నిజమే." వదిన మూసిన కన్ను కూడా తెరిచింది. అసలు ప్రశ్న అప్పుడు అడిగింది. "అంటుతుందా?"

"అంటదు. ఒక ఇంట్లో కూలీ రాకపోతే పక్కింటి గోడ పడుతుందా?"

"మరి బూజు?" అంటూ నావంక చూసింది.

నేను తొమ్మిదేళ్ళ కిందటి చీటీ నకలు వెతికి జేబులో పెట్టుకొచ్చాను. తీసి బల్లమీద పెట్టాను. "నేను రాసింది అబద్ధం కాదు వదినా. కానీ అదే జబ్బని అనుకున్నాను."

డాక్టరమ్మ అంది, "ఆ బూజు అందరి ఒంటిమీదా ఉండేదే. పగులు దొరికిన చోట పెరుగుతుంది."

వదిన చీటీ చూసింది. తిట్టు కోసం కాచుకున్నాను. "పగిలిన గోడలో పిచ్చిమొక్క మొలవదా మరి? నువ్వు పల్లెలో పుట్టినదానివి, నీకా మాత్రం తెలీదా?" అని, ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి నా జేబులోకే తోసింది. అంతే. దాని సంగతి మళ్ళీ ఎత్తలేదు. అంత పెద్ద తప్పుని అంత చిన్న మడతలో పెట్టడం నాకు చేతకాదు.

"మరి పిల్లకి?" అంది చివరికి.

డాక్టరమ్మ దాచలేదు. "నాణెం ఎగరేసినట్టు. నీకున్న రెండు జన్యువుల రాతల్లో పిల్లకి మంచిది వెళ్ళి ఉండొచ్చు, చెడ్డది వెళ్ళి ఉండొచ్చు. చెడ్డది వెళ్ళుంటే, పిల్ల కడుపులో పడ్డ రోజే వెళ్ళింది. రక్తం పరీక్షకి పంపుదాం, ఇద్దరిదీ. ఈలోగా ఆ తడిగుడ్డ తీసెయ్. గోడకి తడి కావాలి, నీకు పొడి కావాలి. తడి ఉన్నచోటే ఇది ఇంకా పగులుతుంది."

వదిన మెడమీద చెయ్యి వేసి, తువ్వాలు విప్పి, ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "మా నాన్న పోయేదాకా తడిపాడు" అంది.

ఆ సాయంత్రమే కూతురి పక్కన కూర్చుంటుందని నేననుకున్నాను. మా వదిన అంత తేలిక మనిషి కాదు. "మీ డాక్టరమ్మ కన్నుతో చెప్పింది. గుండు కూడా వేలాడదీయాలి. రక్తం కాగితం రానీ" అని, మూట తీసుకుని రేకుల గదికి పోయింది. చెంప ఆనించి చూసిన గోడకి తూకం గుండు పక్కవాళ్ళ కోసమని అనేది. ఈసారి గుండు తన కోసమే కావలసి వచ్చింది.

ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఆమె తడిగుడ్డ మానేసి, వదులు నూలుచొక్కా వేసుకుని, డాక్టరు రాసిన మందు పల్చగా రాసుకుంది. మండే ఎండల్లో కూడా మెడ దాదాపు మానింది. పూర్తిగా పోయే జబ్బు కాదని ముందే చెప్పారు, అయినా ఇరవై ఏళ్ళలో అలాంటి ఎండాకాలం చూడలేదంది. పిచుక సీటు బెల్టుకి మెత్తటి గుడ్డ కుట్టుకుంది.

కాగితం వచ్చిన రోజు నేనూ పిచుకా వ్యానులో కట్టడం దగ్గరికి వెళ్ళాం. వదిన పరంజా మీద ఉంది. మమ్మల్ని చూసి వరస పూర్తిచేసి గానీ దిగలేదు. చేతులు కడుక్కుని ఇసుక కుప్ప పక్కన నిలబడింది, మాకు మూడు బారల దూరంలో.

పిచుకే చదివింది. "ఇద్దరి జన్యువు రాతలో ఒకేచోట ఒకే అక్షరం తప్పు. అమ్మది నాకొచ్చింది. తాతది అమ్మకొచ్చింది అయ్యుంటుంది." కాగితం మడిచి నావైపు తిరిగింది. "మామయ్య తప్పించుకున్నట్టున్నాడు. యాభై దాటినా ఒక్క మచ్చ లేదు, అదృష్టవంతుడు."

"కడుపులో పడ్డ రోజే" అంది వదిన.

"ఆఁ. జ్వరం రోజున కాదు."

వదిన ఇసుకలోకి చూస్తూ నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ముందు ఏడ్చింది పిచుక. ఏడుపు కాదది, కేక.

"అయితే ఇరవై రెండేళ్ళు దేనికమ్మా? వేరే పళ్ళెం దేనికి? చేతికి గుడ్డ చుట్టుకుని తల దువ్వావు, నేను బళ్ళో అందరితో మా అమ్మ చేతికి దెబ్బ తగిలిందని చెప్పుకున్నాను. రోజూ దెబ్బేనా అని నవ్వేవాళ్ళు! ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప నా దగ్గర నీది ఇంకేం లేదు. దాన్ని కూడా తప్పు కింద రాసుకుని కూర్చున్నావు!"

పరంజా మీద పనివాళ్ళు చేతులాపి చూస్తున్నారు. వదిన వాళ్ళవైపు కూడా చూడలేదు.

"తెలీక కట్టానే" అంది. "కానీ కట్టినంతా నిన్ను కాపాడదామనే కట్టాను. ఇప్పుడు కూల్చమంటే కూలుస్తాను. కట్టినంత వేగంగా కూల్చడం నాకు రాదు, అదొక్కటే."

పిచుక ముక్కు తుడుచుకుంది. జేబులోంచి మందు ట్యూబు తీసి, ఆ దూరం నడిచెళ్ళి, తల్లి చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి కాలరు కిందికి లాగింది. "వెనక నాకు అందట్లేదు. రాయి. గుడ్డ చుట్టుకున్నావంటే ఇక్కడే అరుస్తాను."

"ఇప్పుడు అరిచింది చాలదా?" అంది వదిన. వేలికొసన మందు తీసుకుంది. ముప్పై అయిదేళ్ళుగా పరంజా చివర తడబడని ఆ వేలు కూతురి మెడకి తగిలేముందు ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ఆనింది.

"అబ్బ! గోనెపట్టాలా ఉంది నీ చెయ్యి" అంది పిచుక.

"మేస్త్రి చెయ్యి మరి, వెన్నముద్దలా ఉంటుందా? కదలకు."

ఇటుకల మధ్య సందులు నింపేటప్పుడు ఆమె వేలు ఎలా పోతుందో నాకు తెలుసు. అలాగే పోయింది. ఎక్కడా ఎక్కువ కాదు, ఎక్కడా తక్కువ కాదు, పగులు మొదలైన చోటినుంచి చివరిదాకా.

"ఇంకొంచెం రాయమ్మా."

"చాలు. మాలు ఎక్కువైతే గోడకి మంచిది కాదు."

అని ట్యూబు మూతపెట్టి, సరిగ్గా పరుచుకుందో లేదో చూడ్డానికి వంగింది. ఒక కన్ను మూసింది. చెంప కూతురి మెడకి ఆనించింది.

వరస చూడ్డానికి మా వదినకి పది లెక్కపెట్టేంత సేపు చాలు. పరంజా మీది వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. నేను వంద దాకా లెక్కపెట్టి మానేశాను.